ఊరందరికీ చెప్పే మాట మా ఇంట్లో చెల్లడం లేదు

శ్రీకాకుళం జిల్లాలో కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం ప్రాంతం నుంచి ఒక అమ్మాయి పెద్ద ఉత్తరం రాసింది. పేరు, ఊరు, మండలం వేయొద్దని కోరింది కాబట్టి అవి తీసేసి మిగతాది క్లుప్తంగా ఇస్తున్నాను.

తనకు 29 ఏళ్ళు. బీఎస్సీ నర్సింగ్ చదివి, అత్తవారి ఊరికి దగ్గర్లోనే ఒక పల్లె హెల్త్ క్లినిక్‌లో ఎంఎల్‌హెచ్‌పీగా (మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్, అంటే డాక్టరు లేనిచోట క్లినిక్ చూసుకునే నర్సు) చేస్తోంది. బీపీ, షుగర్ చూడడం, మందులివ్వడం, ఆశా కార్యకర్తతో కలిసి ఇంటింటికీ వెళ్ళి ఆరోగ్యం గురించి చెప్పడం తన పని. భర్త పలాసలో ఒక జీడి ఫ్యాక్టరీలో లెక్కలు రాస్తాడు. మూడేళ్ళ పాప. అత్తమామలతో కలిసే ఉంటారు.

మామగారికి 66. కొబ్బరి, జీడి తోట చూసుకుంటారు. ఆయన సొంత తమ్ముడు కిడ్నీ జబ్బుతో డయాలసిస్ మీద ఉండి చనిపోయాడు. అయినా ఈయన బీపీ చూపించుకుంటారు గానీ రక్త పరీక్షకు ఒప్పుకోరు. "పొద్దున్నే తోటకెళ్తున్నాను, రెండు పూటలా తింటున్నాను, పడుకుంటే నిద్ర పడుతోంది, నాకేం రోగం?" అంటారు. మోకాళ్ళ నొప్పికి మాత్రం బడ్డీ కొట్లో దొరికే బిళ్ళ రోజూ వేసుకుంటారు. అత్తగారికి పెళ్ళి కాకముందు నుంచీ అడ్డపొగ అలవాటు. అంటే చుట్ట వెలిగించి, నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని తాగడం. వద్దంటే "మీ మావయ్య మింగే బిళ్ళల కన్నా నా చుట్టే నయం" అంటారు.

మరిది హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. సంబంధాలు చూస్తున్నారు. చేతికి అడుగులు లెక్కపెట్టే వాచీ, ఫ్యామిలీ గ్రూపులో రోజూ ఆరోగ్యం వీడియోలు. ఈమధ్య "క్రమశిక్షణ లేకే అమ్మా నాన్నా ఇలా ఉన్నారు. ఇంట్లో నర్సు ఉండి ఏం లాభం వదినా?" అని అందరూ చూసేలా రాశాడట. ఆల్కలైన్ వాటర్ మిషన్ కొని పంపిస్తానంటున్నాడు. భర్త కూడా విసుగొచ్చినప్పుడు అదే మాట అంటున్నాడు.

ఇది చాలదన్నట్టు క్లినిక్‌లో ఒక సంగతి జరిగింది. కడుపుతో ఉన్న ఒక కూలి మనిషికి పళ్ళు, పాలు, గుడ్లు, ఆకుకూరలు తినమని చార్టు చూపించి చెబుతుంటే ఆమె మధ్యలోనే ఆపేసింది. "ఇవన్నీ నాకూ తెలుసమ్మా. కొనిపెట్టేవాళ్ళు ఎక్కడున్నారో చెప్పు" అంది. ఆ రాత్రి తనకు నిద్ర పట్టలేదని రాసింది ఈ అమ్మాయి.

అడిగినవి ఇవి: షుగర్ పరీక్ష అని చెప్పి మామయ్య రక్తం తీసి, ఆయనకు తెలియకుండా క్రియాటినిన్ (కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే రక్త పరీక్ష) చేయించేయనా? అత్తయ్య చేత చుట్ట ఎలా మాన్పించను? "ఆరోగ్యం అంటే ఇంట్లో ఒక్కొక్కరూ ఒక్కో మాట అంటున్నారు, ఎవరిది నిజం?" ఆఖరున, ఉద్యోగం మానేసి శ్రీకాకుళం టౌనుకి వేరు కాపురం వెళ్ళిపోతే ఈ టెన్షన్ తగ్గుతుందా?

అమ్మా, ముందు ఆ రక్తం సంగతి తేల్చేద్దాం. మిగతా వాటిలో మీకు దారులు చెబుతాను, ఎంచుకునేది మీరే. దీనికి మాత్రం వద్దనే చెబుతాను. షుగర్ పేరు చెప్పి తీసిన రక్తంలో క్రియాటినిన్ ఎక్కువుందనుకోండి. ఆ మాట ఆయనకు ఎలా చెబుతారు? జబ్బు గురించి చెప్పే ముందు అబద్ధం గురించి చెప్పుకోవాలి. తక్కువుందనుకోండి, ఆయనకు తెలియదు కాబట్టి మళ్ళీ ఆరు నెలలకో ఏడాదికో ఇదే నాటకం ఆడాలి. బయటపడ్డ రోజున ఆయన ఒక్కరే కాదు, ఊళ్ళో సగం మంది మీ క్లినిక్‌లో వేలు చాపరు. మీరు కట్టుకున్న నమ్మకం అంతా పోతుంది. అసలు మనిషి ఒంటి మీద పరీక్ష చేయడానికి ఆ మనిషి ఒప్పుకోవాలన్నది, ఆయన మీ మామగారు అయినంత మాత్రాన పోయే నియమం కాదు.

ఇక ఎవరి మాట నిజమన్న ప్రశ్న. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది ఇదే. మీ ఇంట్లో ఒక్కొక్కరూ ఒక్కో కాలంలో పుట్టిన ఆలోచన పట్టుకుని ఉన్నారు. అవి ఎక్కడి నుంచి వచ్చాయో తెలిస్తే ఎవరితో ఏం మాట్లాడాలో మీకు తేలిక అవుతుంది.

మీ మరిదితో మొదలుపెడతాను, నిందంతా అక్కడి నుంచే వస్తోంది కాబట్టి. ఒకప్పుడు ప్రభుత్వాల దృష్టిలో ఆరోగ్యం అంటే డాక్టర్లు, ఆసుపత్రులు, మందులు. 1974లో కెనడా ఆరోగ్య మంత్రి మార్క్ లలోండ్ ఒక నివేదిక తెచ్చాడు. మనిషి ఆరోగ్యం నాలుగింటి మీద ఆధారపడుతుందని అది చెప్పింది: పుట్టుకతో వచ్చిన శరీరం, చుట్టూ ఉన్న వాతావరణం, బతికే తీరు, వైద్య సేవలు. ఎంతో మేలు చేసిన ఆలోచన అది. కానీ నాలుగింటిలో ప్రభుత్వాలకూ, కంపెనీలకూ సులువుగా చేతికందింది మూడోదే. గాలి, నీరు మార్చాలంటే డబ్బు కావాలి, పెద్దవాళ్ళతో తగువు పెట్టుకోవాలి. "పొగ మానండి, నడవండి, ఉప్పు తగ్గించండి" అనడానికి ఒక పోస్టరు చాలు. అలా మెల్లగా జబ్బు పడితే తప్పు జబ్బు పడ్డవాడిదే అన్న భావన స్థిరపడింది. మీ మరిది చేతికున్న వాచీ వెనక ఉన్నది అదే. అతను చెడ్డవాడు కాదు, తల్లిదండ్రుల మీద బెంగతోనే రాస్తున్నాడు. కానీ 'క్రమశిక్షణ' అన్న మాట ఉద్దానంలో అనకూడదు. అక్కడ కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో ఇంతకాలం పరిశోధించినా ఇదీ కారణమని తేలలేదు. నీటిలో ఉన్న పదార్థాలా, పురుగుమందులా, ఎండలో నీళ్ళు తాగకుండా చేసే చాకిరీయా, నొప్పి బిళ్ళలా, వంశంలో ఉన్నదా, ఇవన్నీ కలిసా అన్నది ఇంకా చర్చలోనే ఉంది. సైన్సే తేల్చనిదాన్ని కొడుకు తేల్చేసి తండ్రిని దోషిగా నిలబెడితే ఎలా?

ఇక మీ చార్టు. నొచ్చుకోకండి. జనానికి తెలియక జబ్బు పడుతున్నారు, తెలియజెబితే మారతారు అన్నది లలోండ్ కన్నా ముందు నుంచీ ఉన్న ఆలోచన. ఆరోగ్య విద్య అని మీరు చదువుకున్నదే. తెలియనిచోట అది బాగా పనిచేస్తుంది. ఓఆర్ఎస్ కలుపుకోవడం నేర్పితే పిల్లలు బతికారు. కానీ మీ దగ్గరికొచ్చిన ఆ కూలి మనిషికి తెలుసు. తెలిసినా చేయలేని స్థితిలో ఉంది. ఆమె అన్న మాటను ఆమెకన్నా చాలా ముందు, 1848లో రుడాల్ఫ్ ఫిర్కో అనే జర్మన్ డాక్టరు అన్నాడు. సైలీషియా అనే పేద ప్రాంతంలో టైఫస్ జ్వరాలు వ్యాపిస్తే ప్రష్యా ప్రభుత్వం ఆయన్ని చూసి రమ్మని పంపింది. ఆయన తిరిగొచ్చి మందుల పట్టీ ఇవ్వలేదు. ఆ జనానికి చదువు కావాలి, స్వపరిపాలన కావాలి, రోడ్లు కావాలి, వ్యవసాయం బాగుపడాలి అని రాశాడు. ప్రభుత్వానికి అది నచ్చలేదు. కానీ ఆ ఆలోచన చావలేదు. మన దేశంలో 1946లో భోర్ కమిటీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు పెట్టమన్నప్పుడు, 1978లో ఆల్మా-అటాలో దేశాలన్నీ కూర్చుని 'అందరికీ ఆరోగ్యం' అన్నప్పుడు, తిండి, నీరు, పారిశుద్ధ్యం కూడా ఆరోగ్యం పనే అని ఒప్పుకున్నారు.

1986 నవంబరులో కెనడాలోని ఒట్టావాలో ఆరోగ్య ప్రోత్సాహం మీద మొదటి ప్రపంచ సభ జరిగింది. అక్కడ తయారైన పత్రం మీ వృత్తికి పునాది. ప్రజలు తమ ఆరోగ్యం మీద తామే అదుపు సాధించి, దాన్ని మెరుగు పరుచుకోగలిగేలా చేయడమే ఆరోగ్య ప్రోత్సాహం అంది. వ్యక్తికి నైపుణ్యాలు నేర్పడం అందులో చెప్పిన ఐదు పనుల్లో ఒకటి మాత్రమే. మిగతావి ఆరోగ్యానికి మేలు చేసే ప్రభుత్వ విధానాలు, అనుకూలమైన పరిసరాలు, ఊరంతా కలిసి కదలడం, వైద్య సేవల దృష్టిని మార్చడం. మీరు ఐదింటిలో ఒక్కటే చేస్తూ ఐదింటి ఫలితం రాలేదని బాధపడుతున్నారు.

ఇప్పుడు మీ మామగారు. ఇంట్లో అందరికన్నా పాతకాలం మనిషని మీరు రాశారు. నాకు అలా అనిపించలేదు. తోటకు వెళ్ళగలగడం, తినగలగడం, నిద్రపోగలగడం ఆరోగ్యమని ఆయన అంటున్నారు. మన ఆయుర్వేదంలో సుశ్రుతుడు చెప్పినదానికి ఇది దగ్గరగా ఉంది: దోషాలు, జఠరాగ్ని సమంగా ఉండి, ఒంటి పనులు సరిగా సాగుతూ, మనసు, ఇంద్రియాలు ప్రసన్నంగా ఉన్నవాడే స్వస్థుడు. ఒట్టావా పత్రం కూడా ఆరోగ్యం రోజువారీ బతుక్కి కావలసిన వనరు, బతుకుకు గమ్యం కాదు అంది. 1948లో అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్వచనం మీరు మొదటి సంవత్సరంలోనే బట్టీ పట్టి ఉంటారు: శారీరకంగా, మానసికంగా, సామాజికంగా సంపూర్ణంగా బాగుండడం. ఆ 'సంపూర్ణంగా' అనేదాన్ని పట్టుకుంటే బీపీ మాత్ర వేసుకునే మనిషి ఎవరూ ఆరోగ్యవంతులు కారని చాలామంది విమర్శించారు. 2011లో మాక్టెల్డ్ హ్యూబర్ అనే డచ్ వైద్యురాలు, ఆమె సహచరులు కలిసి, వచ్చిన కష్టానికి సర్దుకుని తన బతుకు తాను నడుపుకోగలగడమే ఆరోగ్యం అనుకుందామన్నారు. మీ మామగారు వింటే ఇందులో కొత్తేముంది అంటారు.

ఆయన ఆలోచనలో లోపం ఒక్కచోటే ఉంది. కిడ్నీ చెప్పకుండా పాడయ్యే అవయవం. సగానికి పైగా పని పోయాక కూడా మనిషి తోటకు వెళ్తాడు, తింటాడు, నిద్రపోతాడు. ఒళ్ళు చెప్పేదాన్ని బట్టి నడుచుకోవడం ఇన్నాళ్ళూ ఆయనకు సరిపోయింది. ఈ జబ్బు దగ్గర సరిపోదు. ఆయనకు చెప్పాల్సింది ఇదొక్కటే. "మీకేం తెలీదు" అని కాదు, "మీ లెక్క మంచిదే మావయ్యా, కిడ్నీ మాత్రం ఆ లెక్కలోకి రాదు" అని.

అయితే ఆయన ఒప్పుకోకపోవడానికి కారణం తెలియకపోవడం అని నేను అనుకోవడం లేదు. తమ్ముడు పోవడం కళ్ళారా చూసిన మనిషికి తెలియకపోవడం ఏమిటి? రెండు భయాలు ఉండొచ్చు. ఒకటి, పరీక్ష అంటే డయాలసిస్‌కు మొదటి మెట్టు అని. రెండోది మీరు ఉత్తరంలో అలా దాటవేసిన వాక్యంలో ఉంది: మరిదికి సంబంధాలు చూస్తున్నారు. ఉద్దానంలో కిడ్నీ జబ్బున్న ఇంటికి పిల్లనివ్వడానికి ఎంత వెనకాడతారో మీకు నాకన్నా బాగా తెలుసు. తండ్రి పేరు రిపోర్టు మీద పడితే కొడుకు పెళ్ళి చెడుతుందని ఆయన నోరు కట్టుకుని ఉంటే, అది మొండితనం కాదు, ప్రేమ. ఒకరోజు పక్కన కూర్చుని "మీ తమ్ముడిగారి విషయంలో మీకు ఏది ఎక్కువ బాధ అనిపించింది?" అని అడిగి చూడండి. సలహా ఏమీ ఇవ్వకుండా వినండి.

తర్వాత మీ ముందు మూడు దారులున్నాయి.

కిడ్నీని పక్కనపెట్టి మోకాలితో మొదలుపెట్టొచ్చు. ఆయన నొప్పి నిజం. రోజూ వేసుకునే ఆ బిళ్ళ డైక్లోఫెనాక్ లాంటిది అయితే, కిడ్నీకి నేరుగా హాని చేసేది అదే. పీహెచ్‌సీ డాక్టరు దగ్గరికి మోకాలి కోసం తీసుకెళ్ళండి. ఏ నొప్పి మందు ఇవ్వాలన్నా ముందు కిడ్నీ ఎలా ఉందో చూడాలని డాక్టరే ఆయనకు ఎదురుగా చెబితే, అందులో మోసం లేదు. ఆయన సరే అనొచ్చు, లేచి వచ్చేయొచ్చు కూడా. లేచి వచ్చినా బిళ్ళ మానడమో తగ్గడమో జరిగితే మీరు సగం గెలిచినట్టే. ఇక్కడ మీ అత్తగారి మాట గుర్తు చేసుకోండి, "బిళ్ళల కన్నా చుట్ట నయం" అన్నది. చుట్ట గురించి ఆవిడ తప్పు, బిళ్ళ గురించి మాత్రం సరిగ్గా చెప్పారు. బిళ్ళ మాన్పించే పనిలో ఆవిడను మీ వైపు తిప్పుకోండి.

రెండో దారి, భయాన్ని నేరుగా ముట్టుకోవడం. ముందే తెలిస్తే బీపీ అదుపులో పెట్టి, నొప్పి బిళ్ళలు ఆపి, తిండి సర్దుకుని చాలాకాలం నెట్టుకురావచ్చని, పరీక్ష చేయించుకున్న ప్రతివారూ డయాలసిస్‌కు వెళ్ళరని చెప్పడం. ఊళ్ళో వద్దంటే పలాసలోనో శ్రీకాకుళంలోనో చేయించుకోవచ్చని, కాగితం ఆయన చేతికే వస్తుందని మాటివ్వడం. ఇస్తే నిలబెట్టుకోవాలి. మీ ఆయనకు కూడా మామగారి అనుమతి లేకుండా చెప్పకూడదు. ఆ బరువు మీరు మోయగలరా అన్నది ఆలోచించుకోండి.

మూడోది, కొన్నాళ్ళు ఊరుకోవడం. దీనికి ఖరీదు ఉంది, జబ్బు ఉంటే ఆ కొన్నాళ్ళలో పెరుగుతుంది. కానీ మీరు రోజూ అడగడం వల్లే ఆయన బిగుసుకుంటున్నారేమో చూడండి. బీపీ చూపించుకోవడానికి అభ్యంతరం లేదని రాశారు. బీపీ పెరుగుతుంటే అదే ఆయనతో మాట్లాడే కారణం అవుతుంది.

అత్తగారి చుట్ట విషయంలో మీ జిల్లాకు ఒక చరిత్ర ఉంది, అది మీకు ధైర్యం ఇస్తుందని చెబుతున్నాను. 1960ల్లో బొంబాయి టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ దంత పరిశోధకులు, డెన్మార్క్‌కు చెందిన పిండ్‌బోర్గ్ అనే నిపుణుడితో కలిసి శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో 10,169 మంది నోళ్ళు పరీక్షించారు. అప్పటికి విజయనగరం జిల్లా ఏర్పడలేదు, అందులో కొంత భాగం శ్రీకాకుళంలోనే ఉండేది. 1971లో అచ్చయిన ఆ అధ్యయనం అడ్డపొగకూ అంగిలి మీద వచ్చే మార్పులకూ ఉన్న సంబంధాన్ని ప్రపంచానికి చూపించింది. నిప్పు లోపల ఉంటుంది కాబట్టి వేడీ, పొగా నేరుగా అంగిలికి తగులుతాయి. మామూలుగా పొగ తాగేవారిలో అరుదుగా కనిపించే అంగిలి క్యాన్సర్ ఇక్కడ కనిపించడానికి కారణం అదే. తర్వాత అదే బృందం ఊరుకోలేదు. శ్రీకాకుళం, కేరళలో ఎర్నాకుళం, గుజరాత్‌లో భావ్‌నగర్ జిల్లాల్లో మొత్తం 36,000 మంది పొగాకు వాడేవారిని ఎంచుకుని, ఏటా తిరిగి వెళ్ళి నోరు చూసి, మనిషి మనిషితో విడిగా మాట్లాడారు. మానేసినవారిలో, తగ్గించినవారిలో కొత్తగా మచ్చలు రావడం తగ్గిందని తేలింది. మీ అత్తగారి లాంటి ఆడవాళ్ళతోనే జరిగిన పని ఇది, ఎక్కడో విదేశంలో కాదు.

వాళ్ళు చేసినదాంట్లో మీరు చేయగలిగేది నోరు చూడడం. ఉపన్యాసం కాదు, టార్చ్ లైటు. మీ ఉద్యోగంలో 30 దాటినవారికి నోటి పరీక్ష ఎలాగూ ఉంది. "అత్తయ్యా, నోరు తెరవండి, చూస్తాను" అని అడిగి, అద్దం పట్టుకుని ఆవిడకూ చూపించండి. అంగిలి తెల్లబడి మధ్యలో ఎర్ర చుక్కలుండడం, మందమైన తెల్లమచ్చ, ఎర్రమచ్చ, రెండు వారాలైనా మానని పుండు, ముట్టుకుంటే గట్టిగా తగిలే చోటు, వీటిలో ఏది ఉన్నా డెంటల్ డాక్టరుకో ఈఎన్‌టీకో చూపించాలి. ఏమీ లేకపోతే "ఇప్పుడు బాగుంది, ఇప్పుడు మానితే ఇలాగే ఉంటుంది" అనండి. భయపెట్టడానికి మాత్రం లేనిదాన్ని ఉందనకండి.

ఎందుకు తాగుతున్నారో కూడా అడగండి. అడ్డపొగ తాగే ఆడవాళ్ళు చాలామంది చెప్పేది, గాలిలో, నీళ్ళలో పని చేస్తున్నా ఆరిపోదని, రెండు చేతులూ ఖాళీగా ఉంటాయని. గిన్నెలు తోముతూ, చేపలు కడుగుతూ, పొలంలో వంగి నాట్లు వేస్తూ తాగగలిగేది అదొక్కటే. అంటే అది పని మధ్యలో ఆవిడకు దొరికిన ఒకే ఒక్క సుఖం కావచ్చు. అది తీసేస్తే ఆ చోట ఏం పెడతారు? ఒకేసారి మానేయడం ఒక దారి. మొదటి కొన్ని వారాలు చిరాకు, తలనొప్పి, నిద్ర లేకపోవడం ఉంటాయి, ఇంట్లో అందరూ ఓర్చుకోవాలి. పొగాకు మానాలనుకునేవారికి 1800 112 356 అనే ఉచిత నంబరు ఉంది, డాక్టరు సలహాతో నికోటిన్ గమ్ వాడొచ్చు. పొద్దుటిదో రాత్రిదో ఒక చుట్ట మాన్పించి మెల్లగా తగ్గించడం ఇంకో దారి. ఇది నిదానం, మధ్యలో ఆగిపోయే ప్రమాదం ఎక్కువ, కానీ ఆవిడ వయసుకు ఇదే కుదరొచ్చు. నిప్పు బయటికి పెట్టుకుని తాగితే చాలదా అని ఆవిడ అడగొచ్చు. వేడి తగ్గుతుంది, పొగాకు తగ్గదు. దానితో సరిపెట్టుకోకండి. ఇవేవీ ఒప్పుకోకపోతే, పాప ఉన్నచోట మాత్రం తాగనని మాట తీసుకోండి. మనవరాలి కోసం ఆ ఒక్కటీ కాదనరు.

ఇక క్లినిక్. ఆ కూలి మనిషి మిమ్మల్ని అవమానించలేదమ్మా. మీకు పని చూపించింది. చార్టు పక్కనపెట్టి "నిన్న ఏం తిన్నావు?" అని అడగండి. అంగన్‌వాడీలో తన పేరు ఉందా? గుడ్లు, పాలు అందుతున్నాయా? మొదటి కాన్పు అయితే మాతృ వందన యోజన కింద రావలసిన 5,000 రూపాయలకు దరఖాస్తు పెట్టారా? ఇలాంటి వాళ్ళలో చాలామందికి కార్డు కన్నవారి ఊళ్ళోనో, వలస వచ్చిన ఊళ్ళోనో ఉండిపోయి ఇక్కడ ఏదీ అందదు. ఆ కార్డు మార్పించడం మీరిచ్చే ఐరన్ మాత్ర ఎంత ముఖ్యమో అంత ముఖ్యం. చెప్పే సలహా కూడా ఇంట్లో ఉన్నదానికి తగినట్టు ఉండాలి. యాపిల్ పండు వద్దు, చోడంబలి, మునగాకు, దొరికినప్పుడు చేపలు. కిడ్నీ జబ్బున్నవారికి మళ్ళీ ఇదే సలహా పనికిరాదు. కొబ్బరి తోట మధ్యలో మంచం వేసుకుని పడుకున్న మనిషికి పొటాషియం పెరుగుతుందని కొబ్బరి నీళ్ళు వద్దనాల్సి వస్తుంది. ఆ మాట ఎంత కఠినమో మీకు తెలుసు. కాబట్టి అందరికీ ఒకే చార్టు అన్నదే మానేయండి.

ఊరితో కలిసి చేసే పని ఇంకా పెద్దది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షర దీపం అనే వయోజన బడికి వెళ్ళిన ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారు. రోశమ్మ లాంటి మామూలు మనుషులు ముందు నిలబడ్డారు. అది రాష్ట్రమంతా పాకి, 1993లో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. రెండేళ్ళకే మద్యనిషేధం సడలించారన్నదీ నిజమే. అయినా సారా తాగడం ఆరోగ్యానికి హానికరమని పోస్టర్లు ఎన్ని వేసినా జరగనిది, ఆడవాళ్ళు కలిస్తే జరిగింది. మీ దగ్గరే చూడండి. హిరమండలం రిజర్వాయరు నుంచి ఉద్దానానికి తాగునీటి పథకం, 2023 డిసెంబరులో పలాసలో మొదలైన కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి, ఇవి జనం ఏళ్ళ తరబడి అడగ్గా అడగ్గా వచ్చినవే. ఎవరికి వారు క్రమశిక్షణగా ఉండడం వల్ల వచ్చినవి కావు.

మీరు ఉద్యమం నడపాలని అనడం లేదు. ప్రభుత్వ ఉద్యోగికి హద్దులుంటాయి. కానీ గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషకాహార కమిటీ కాగితం మీద మీ ఊళ్ళోనూ ఉంటుంది. దాన్ని నిజంగా కూర్చోబెట్టి ఒకే ఒక్క విషయం పెట్టండి. వేసవిలో తోట పనికి వెళ్ళేవారికి నీడ, తాగే నీళ్ళు, మధ్యాహ్నం విరామం గానీ, బడ్డీ కొట్లలో నొప్పి బిళ్ళలు అమ్మడం గానీ. నీళ్ళ సంగతి ఎత్తితే అందరూ మీ వెంట వస్తారు. బిళ్ళల సంగతి ఎత్తితే కొట్టువాళ్ళకు కోపం వస్తుంది, వాళ్ళలో మీ చుట్టాలూ ఉండొచ్చు. అందుకని మొదట నీళ్ళతో మొదలుపెట్టి, డ్వాక్రా సంఘం ఆడవాళ్ళ చేత మాట్లాడించడం మంచిదని నా ఉద్దేశం. ఎవరెవరి ఇళ్ళకు కుళాయి నీళ్ళు వస్తున్నాయి, ఎవరికి రావడం లేదు అన్న జాబితా మీ ఆశా కార్యకర్త దగ్గర తయారైతే, అది మీరు ఇంటింటికీ చెప్పే మాటలకన్నా గ్రామసభలో ఎక్కువ పనిచేస్తుంది.

ఉద్యోగం మానేయడం గురించి. మానేస్తే జీతం పోతుంది, ఇంట్లో మీ మాటకున్న ఆ కాస్త విలువా తగ్గుతుంది. నిందలు మాత్రం మీ వెంటే వస్తాయి, శ్రీకాకుళం టౌనుకు కూడా. అక్కడికి వెళ్తే మామగారి బీపీ చూసేవాళ్ళుండరు, అది కూడా మీ మీదకే వస్తుంది. దూరంగా ఉన్న క్లినిక్‌కు బదిలీ అడగడం ఇంకొక పద్ధతి. ఇంటి పేరుతో మిమ్మల్ని కొలవడం అక్కడ తగ్గుతుంది, కానీ పాపను వదిలి ప్రయాణాలు పెరుగుతాయి. ఉన్నచోటే ఉంటూ హద్దు గీయడం మూడోది. ఇందులో మొదటి గీత మీ ఆయన దగ్గర గీయాలి. ఆయన అమ్మానాన్నల ఆరోగ్యం ఆయన బాధ్యత, నర్సును పెళ్ళి చేసుకున్నంత మాత్రాన అది మీకు బదిలీ కాదు. కోపంగా కాకుండా, పనిగా చెప్పండి: "మావయ్యను మోకాలికి డాక్టరు దగ్గరికి ఈ శనివారం మీరు తీసుకెళ్ళండి, ఏం అడగాలో నేను రాసిస్తాను." సాయంత్రం ఇంటికొచ్చాక బీపీ మిషన్ సంచిలోనే ఉండనివ్వండి. ఎవరైనా అడిగితేనే తీయండి. మీకు నిద్ర పట్టని రాత్రులు ఇలాగే సాగితే మాత్రం, పైన చెప్పినవన్నీ పక్కనపెట్టి ముందు మీ సంగతి చూసుకోవాలి. అది కూడా ఒక డాక్టరుకు చెప్పుకోవలసిన విషయమే.

మరిది పంపిస్తానన్న మిషన్ వద్దనండి. ఆల్కలైన్ నీళ్ళు కిడ్నీని కాపాడతాయని రుజువు లేదు. అతనికి ఫ్యామిలీ గ్రూపులో కాకుండా విడిగా ఫోన్ చేయండి. చదువు కోసం ఊరు వదిలేదాకా అతను తాగిందీ ఆ నీళ్ళే, తిరిగిందీ ఆ ఎండలోనే. వచ్చే నెల సెలవు పెట్టి ఊరొచ్చి, పలాసలో ముందు తన క్రియాటినిన్ తాను చేయించుకుని, ఆ కాగితం నాన్నకు చూపించి "ఇప్పుడు మీరు" అనమనండి. పెళ్ళి సంబంధాల భయంతో తండ్రి ఆగి ఉంటే, ఆ భయం తీర్చగలిగేది ఆ కొడుకొక్కడే.